ఇంటికి, పొలమునకు వెల్డింగు మిషను: కొనుటకు ముందు చూడవలసినవి
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నిన్నటి గోష్ఠి ముగిసిన పిమ్మట మీలో ఒకరు మా యొద్దకు వచ్చి ఒక ప్రశ్న అడిగినారు. "దమ్ము రోజులలో రాత్రివేళ దమ్ము చక్రము పట్టీ ఊడినచో, మరునాడు వెల్డింగు షాపు తెరచువరకు ట్రాక్టరు చేలోనే నిలిచిపోవుచున్నది. కాలువ నీరు మాత్రము మా కొరకు ఆగదు. చిన్న మిషను ఒకటి ఇంటనే ఉంచుకొందమని దుకాణమునకు పోయినచో ఇరువది రకములు చూపినారు. ఏది కొనవలెను?" అని వారి ప్రశ్న. నిలుచున్నపాటున చెప్పదగిన సమాధానము కాదు గనుక దీనిని నేటి ప్రసంగ విషయముగా గైకొన్నాము.

పూర్వము కర్రు అరిగినను, బండిచక్రము పట్టా సడలినను రైతు కమ్మరి కొలిమి వద్దకు పోయెడివాడు. పంట కళ్ళమునకు వచ్చినపుడు కమ్మరి మేర కమ్మరికి కొలిచెడివారు. ఊరిలోని ఇనుము యావత్తును ఒక్క మనిషి చేతిలో ఉండెడిది; ఏ ముక్క ఏ గుణము కలదో అతనికి తెలియును. నేడు కొలుములు చాలవరకు చల్లారినవి. ఇనుము మాత్రము పెరిగినది. కల్టివేటరు, రోటవేటరు, ట్రాలీ, పశువుల పాకకు పైపు స్తంభములు, ఇంటికి గేటు, పాఠశాలకు గేటు, చెత్త బండి, ఇవన్నియు ఇనుమే. విరిగిన ఇనుమును అతుకవలెనన్న కోరిక సహజము.

ఏ మిషను కొనవలెనను ప్రశ్నకు ముందు, అసలు కొనవలెనా అను ప్రశ్న యొకటి కలదు. గడచిన సంవత్సరమున మీ ఇంట, మీ పొలమున వెల్డింగునకు పోయిన పనులను ఒక కాగితముపై వ్రాయుడు. అవి నాలుగైదుకు మించనిచో మిషను కొనవలదని మా సలహా. డబ్బు విషయమే కాదు. సంవత్సరమునకు రెండుమార్లు రాడ్డు పట్టువానికి చేయి తిరుగదు. చేయి తిరుగనివాని అతుకు పైకి నిండుగా కనిపించి లోపల బోలుగా ఉండును. పది పదిహేను పనులున్నవారు, అందును దూరపు పొలములు గలవారు కొనవచ్చును.

పంచాయతీ నిధులతో ఒక మిషను కొని ఊరందరికి అందుబాటులో ఉంచరాదా యని అడుగువారును కలరు. ఇది మాకు సమ్మతము కాదు. నలుగురి చేతులలో తిరుగు మిషనుకు ఎర్తు తీగ ఎప్పుడు తెగినదో ఎవరికిని తెలియదు. ఐ.టి.ఐ.లో ఒక సంవత్సరము వెల్డరు శిక్షణ పూర్తిచేసిన యువకుడు ఊరిలో ఉన్నచో, చేతిపంపు, గేటు, చెత్త బండి మరమ్మతులను అతనికి ఒప్పజెప్పుటయే మేలు. అతడు నిలద్రొక్కుకొనును, ఊరికి పని జరుగును.

ఇక కొనదలచిన వారి మాట. దుకాణములో మిషను పెట్టెపై పెద్ద అంకె యొకటి ఉండును: 200 అనియో, 250 అనియో, 300 అనియో. కొనువాడు ఆ అంకెను చూచును. చూడవలసినది మాత్రము తన ఇంటి మీటరు వద్దకు వచ్చు తీగను. ఈ సంగతి మేము పుస్తకములో చదివి చెప్పుటలేదు. మేము మొట్టమొదట కొన్న మిషనుపై 250 అని వ్రాసియుండెను. ఇంటికి తెచ్చి, పంఖాకు వాడు పొడిగింపు తీగకు తగిలించి, గేటు అతుకబోయితిమి. ఇంటిలో దీపములు మసకబారినవి. రాడ్డు ఇనుమునకు అంటుకొని ఊడిరాలేదు. తీగ చుట్ట కాలి వాసన వచ్చినది. మిషను చెడ్డదని దుకాణదారునితో జగడమాడితిమి. అతడు అదే మిషనును తన దుకాణములో పెట్టి చక్కగా అతికి చూపెను. మిషనులో దోషము లేదు. దోషము మా తీగలో ఉన్నది.

దీని లెక్క కష్టమైనది కాదు. వెల్డింగు మిషను చేయు పని యేమనగా, ఇంటికి వచ్చు 230 వోల్టులను 20, 30 వోల్టులకు తగ్గించి, దానికి బదులుగా ఆంపియర్లను పెంచుట. సామాన్యముగా వాడు 3.15 మి.మీ. రాడ్డుకు సుమారు 120 ఆంపియర్లు కావలెను. అప్పుడు మంట వద్ద ఉండునది సుమారు 25 వోల్టులు. ఈ రెంటిని గుణించినచో 3,000 వాట్లు. మిషనులో వేడిగా పోవు నష్టమును కూడ కలిపినచో 3,700 వాట్లు, అనగా ఇంచుమించు 5 అశ్వశక్తుల మోటారు లాగునంత. మీ బోరుబావి వద్ద 5 అశ్వశక్తుల మోటారు మూడు ఫేజుల పైన నడచుచున్నది. ఇచ్చట అంత బరువును ఇంటిలోని ఒక్క ఫేజు మోయవలెను. చవుకరకపు ఇన్వర్టరు మిషనులు కరెంటును సమముగాక కుదుపులుగా లాగును గనుక తీగలో పారు కరెంటు 23 మొదలు 25 ఆంపియర్ల వరకు ఉండును. మన ఇండ్లలో పవరు ప్లగ్గు 16 ఆంపియర్లకే.

సన్నని 2.5 మి.మీ. రాడ్డుకు 80 ఆంపియర్లు చాలును. అప్పుడు ఇంటి తీగలో పారునది 14, 15 ఆంపియర్లు మాత్రమే. కావున ఒక నియమము చెప్పుచున్నాము. పవరు ప్లగ్గు తప్ప వేరు ఏర్పాటు లేని ఇంటిలో 2.5 మి.మీ. రాడ్డుతోనే పని చేసికొనవలెను. 3.15 రాడ్డు కావలెనన్నచో మీటరు నుండి వేరుగా 4 చదరపు మి.మీ. రాగి తీగ, 32 ఆంపియర్ల ఎం.సి.బి., ఎర్తు గల వేరు సాకెట్టు ఎలక్ట్రీషియను చేత వేయించుకొనవలెను. గేటులు, పాక స్తంభములు, ట్రాలీ రేకులు, 5 మి.మీ. లోపు యాంగులరు, ఇవన్నియు 2.5 రాడ్డుతో అతుకదగినవే.

పొడిగింపు తీగ విషయము కూడ ఇట్టిదే. 30 మీటర్ల పొడవు గల 1 చదరపు మి.మీ. తీగలో 25 ఆంపియర్లు పారినచో రానుపోను తీగలోనే సుమారు 27 వోల్టులు హరించిపోవును, తీగయు కాలును. అదే 4 చదరపు మి.మీ. తీగయైనచో పోవునది 7 వోల్టులు. సాయంకాలము చివరి స్తంభము వద్ద వోల్టేజి ఎంతకు దిగునో మీరే ఎరుగుదురు. దానిపై ఈ నష్టము కూడ చేరినచో ఏ మిషనైనను మొరాయించును. కొనుటకు ముందు సాయంకాలము ఏడు గంటలకు మీ ఇంటి ప్లగ్గులో వోల్టేజి ఎంత యున్నదో కొలిపించి, ఆ అంకెను చీటిపై వ్రాసికొని దుకాణమునకు పొండు. ఎంత తక్కువ వోల్టేజి వరకు పనిచేయునో మిషను వెనుకనున్న పలకపై ఉండును. దుకాణదారుని మాటకంటె పలక మాట నమ్మదగినది.

ఆ పలకపైననే మరియొక అంకె కలదు. నూటికి 30 అనియో, 60 అనియో ఉండును. 10 నిమిషములలో ఎన్ని నిమిషములు ఎడతెగక మండింపవచ్చునో అది తెలుపును. 200 ఆంపియర్ల వద్ద నూటికి 30 అని యున్నచో, 3 నిమిషములు మండించి 7 నిమిషములు ఆపవలెను. ఇది విని భయపడనక్కరలేదు. వేడి ఆంపియర్ల వర్గమును బట్టి పెరుగును గనుక, అదే మిషనును 120 వద్ద నడిపినచో 10 నిమిషములకు 8 నిమిషముల వరకు తాళును. ఒక రాడ్డు కాలుటకు నిమిషము, నిమిషమున్నర పట్టును. తరువాత చిట్టెము కొట్టి, తుడిచి, మరల రాడ్డు బిగించుటకు అంతకంటె ఎక్కువ పట్టును. మన పనులకు అది చాలును. అయితే ఈ లెక్క 40 డిగ్రీల వేడిలో కట్టినది. రోహిణికార్తెలో 45 డిగ్రీల ఎండలో రేకులపై పెట్టి నడుపువారు నీడను చూచుకొనవలెను. ఈ అంకెయే వ్రాయని మిషనును మాత్రము ఎంత చవుకయైనను కొనవలదు.

మిషనులు ప్రధానముగా రెండు తెగలు. షాపులలో కనిపించు బరువైన ట్రాన్సుఫార్మరు మిషను ఒకటి. దానిలో నూనె పోసినవియు కలవు. ఇన్వర్టరు మిషను రెండవది. మొదటిది మొండిది. దుమ్మునకు, బల్లులకు, దెబ్బలకు చలింపదు. తీగచుట్ట కాలినచో మోటారు వైండింగు చేయువాడు మరల చుట్టగలడు. కాని దానిని ఇద్దరు మోయవలెను, 120 ఆంపియర్ల పనికి ఇంటి తీగ నుండి 35 ఆంపియర్లకు పైగా లాగును. అందుచేతనే షాపులవారు దానిని రెండు ఫేజులపై నడుపుదురు. ఇంటికి అది తగదు. ఇన్వర్టరు మిషను ఐదారు కిలోల నుండి ఎనిమిది కిలోల వరకు తూగును. ఒంటిచేత చేనికి తీసికొనిపోవచ్చును. మంట నిలకడగా ఉండును గనుక క్రొత్తవాడు త్వరగా నేర్చును. దాని శత్రువు గ్రైండరు పొడి. ఇనుపపొడిని పంఖా లోనికి పీల్చి లోపలి కార్డుపై పేర్చినచో కార్డు కాలును. మిషనును గ్రైండరుకు దూరముగా, గాలి వచ్చు వైపున ఉంచవలెను. చెడిన కార్డును మార్చువారు మీ పట్టణములో ఉన్నారా యని ముందే విచారించుట మంచిది. గ్యాసు సిలిండరుతో నడచు తీగచుట్టల మిషనును కూడ చూపుదురు. అది గోడల మధ్య పనికి చక్కనిదే గాని, చేలో గాలి వీచినచో గ్యాసు చెదరి అతుకు పొంగును. దానిని వదలివేయుదము.

ఇట్లు చూడగా, 160 లేక 200 ఆంపియర్ల ఇన్వర్టరు మిషను మన అవసరమునకు సరిపోవును. అంతకుమించిన అంకెకు చెల్లించు సొమ్మును రక్షణ సామగ్రికి చెల్లించుట ఉచితము. పెట్టెలో ఉచితముగా వచ్చు చేతి అద్దము, సన్నని తీగలు, హోల్డరు చాలవరకు పనికిరానివి. ఐ.ఎస్. 1179 ప్రమాణము గల ముఖ కవచము, 10 లేక 11 నంబరు నల్లద్దము, తోలు చేతొడుగులు, మంచి ఎర్తు క్లాంపు మిషనుతోపాటే కొనవలెను. రాడ్డులలో 6013 అను రకము మన పనులన్నింటికి అనువైనది, పెట్టెపై ఐ.ఎస్. 814 ఉన్నదేమో చూడుడు. వర్షాకాలమున రాడ్డు పూత చెమ్మగిల్లి పెళుసుబారును. మిగిలిన రాడ్డులను మూత బిగిసిన డబ్బాలో ఉంచవలెను.

ఇప్పుడు మేము ముఖ్యముగా చెప్పదలచిన మాట. మిషను ఇంటికి రాగానే విరిగిన ప్రతి వస్తువును అతుకుదమను ఉత్సాహము కలుగును. అతుకరానివి కొన్ని కలవు. ట్రాలీని ట్రాక్టరునకు తగిలించు కొక్కెము, దాని కడ్డీ, ఇరుసు, స్టీరింగు, బ్రేకు భాగములు ఇంటి మిషను క్రిందకు తేరాదు. ట్రాలీలలో మనుషులను ఎక్కించరాదని ఎంత చెప్పినను, నాట్ల కాలమున స్త్రీలను ఎక్కించుకొని కాలువ గట్టులపై పోవుచునే యున్నారు. ఆ కొక్కెముపై ఒక అతుకు లోపల బోలుగా ఉన్నచో ఏమగునో మేము వర్ణింపనక్కరలేదు. ఆ భాగములను మార్చవలెను, లేదా ఆ పనిలో ఆరితేరినవాని చేత చేయించవలెను. ఈ విషయమున మీ మీ గ్రామములలో ట్రాక్టరు యజమానులతో మాటాడుట సభ్యులుగా మీ బాధ్యత యని భావించుచున్నాము.

రోటవేటరు బ్లేడ్లు నీరు పట్టిన గట్టి ఉక్కు. వెల్డింగు వేడికి అతుకు ప్రక్కనే పెళుసుబారి, తిరుగుచు విరిగి ఎగిరిపడును. కమాను పట్టీల సంగతియు అంతే. మోటారు పంపు చిప్ప పోతయినుము. మామూలు రాడ్డుతో అతికినచో చల్లారునపుడు టక్కున పగులును. దానికి నికెలు రాడ్డు, ముందుగా వేడిచేయుట, నిదానముగా చల్లార్చుట కావలెను. ఏది పోతయినుమో తెలియనిచో గ్రైండరు తాకించి చూడుడు. మెత్తని ఇనుము పొడవైన పసుపుపచ్చని నిప్పుకణములను చిమ్మును. పోతయినుము పొట్టి ఎర్రని కణములను చిమ్మును.

అన్నింటికంటె భయంకరమైనది ఖాళీ పీపా. డీజిలు, కిరసనాయిలు, తారు, పురుగుమందు ఉండిన పీపాను నీటితొట్టిగా మార్చుటకు కోయుట, అతుకుట మన గ్రామములలో మామూలు. ఎండి ఏండ్లు గడచినను, అతుకు సందులలో మిగిలిన జిడ్డు వేడికి ఆవిరియై, పీపాలోని గాలితో కలిసి ప్రేలును. నిండు పీపాకంటె ఖాళీ పీపాయే ప్రమాదకరము. కడిగితిమి గదా యని నమ్మరాదు. క్రొత్త తొట్టి కొనుక్కొనుడు.

మంట వెలుగును కంటితో చూచినవానికి అప్పుడేమియు తెలియదు. ఆరేడు గంటలు గడచిన పిమ్మట, అర్ధరాత్రి కండ్లలో ఇసుక పోసినట్లు మంట పుట్టును. మేమును ఒక రాత్రి అనుభవించితిమి. కండ్లలో పాలు, ఉల్లిరసము పోయువారున్నారు. అట్లు చేయక వైద్యునికి చూపవలెను. చల్లని కండ్లద్దములు దీనికి అడ్డుకావు. పని చేయువాడు కవచము ధరించును, చుట్టును మూగిన పిల్లలకు ఏమి యున్నది? ముందు వారిని పంపివేసి, తడిక యొకటి అడ్డుపెట్టి, పిమ్మట రాడ్డు పట్టవలెను.

జి.ఐ. పైపులకు జింకు పూత ఉండును. దానిని కాల్చినపుడు వచ్చు తెల్లని పొగ పీల్చినవానికి సాయంత్రమునకు చలిజ్వరము వచ్చును. మలేరియా యని భ్రమపడుదురు. అతుకు స్థలమునకు ఇరువైపుల రెండంగుళముల మేర పూతను రాచివేసి, ఆరుబయట, పొగ ముఖమునకు తగులకుండ ప్రక్కనుండి గాలి వీచునట్లు కూర్చుండి పని చేయవలెను. నిప్పుకణములు పది మీటర్ల దూరమునకు పోగలవు. గడ్డివాము, ప్రత్తి పోగు, తాటాకు పాక సమీపమున ఈ పని తగదు. పని ముగిసిన పిమ్మట ఒక గంటసేపు అక్కడనే ఒకరు కాపుండవలెను. నిప్పు వెంటనే రాజుకొనదు.

మంట లేనపుడు హోల్డరు కొన వద్ద 60 మొదలు 80 వోల్టులు ఉండవచ్చును. పొడి నేలపై, పొడి చేతొడుగులతో దీనివలన భయము లేదు. దమ్ముచేలో, చెమట కారుచు, తడి గుడ్డలతో రాడ్డు మార్చువానికి ప్రాణాపాయము కలదు. చేలో చక్రము విరిగినపుడు దానిని గట్టుపైకి తెచ్చి, కాళ్ళక్రింద పొడి పలక వేసికొని అతుకవలెను. ఆ వోల్టులను దానంతట అదియే తగ్గించు వి.ఆర్.డి. అను ఏర్పాటు కొన్ని మిషనులలో కలదు. కొంత ఎక్కువ ధరయైనను డెల్టా రైతులు దానినే కొనవలెనని మా అభిప్రాయము. ట్రాక్టరుకు తగిలియున్న భాగమును అతుకునపుడు బ్యాటరీ తీగలు విప్పివేయవలెను. ఎర్తు క్లాంపును అతుకు ప్రక్కనే బిగించవలెను. దూరముగా బిగించినచో కరెంటు బేరింగుల గుండ పోయి వానిని చెరచును.

చేలో కరెంటు ఎక్కడిది యని అడుగుదురు. పంపుసెట్టుకు ఇచ్చిన కనెక్షను పంపుసెట్టుకే. మంజూరైన పనికి గాక వేరొక పనికి వాడుట 2003వ సంవత్సరపు విద్యుచ్ఛక్తి చట్టము 126వ సెక్షను క్రిందికి వచ్చును. లైనుకు కొక్కెము తగిలించుట 135వ సెక్షను క్రింద దొంగతనము. అంతకుముందే అది మృత్యువు. ఇంటి కనెక్షనుకు మంజూరైన లోడు ఎంతయో బిల్లుపై చూచి, చాలనిచో పెంచుమని దరఖాస్తు చేసికొనవలెను. చక్రమును విప్పి ఇంటికి తెచ్చి అతుకుటయే సులభము.

మిషను కొన్ననాడు గేటు జోలికి పోవలదు. పాత ఇనుప షాపులో నాలుగైదు కిలోల 5 మి.మీ. పట్టీ ముక్కలు కొని, ఒక పెట్టె రాడ్డులు వానిపై కాల్చుడు. రెండు ముక్కలను ఒక ప్రక్కనే అతికి, చిట్టెము కొట్టి, చల్లారిన పిమ్మట బల్ల పట్టులో బిగించి, అతుకు తెరచుకొనునట్లు సుత్తితో వంచి విరిచి చూడుడు. విరిగినచోట ఇనుము నిండుగా, బూడిదవన్నె గరుకుగా ఉన్నచో అతుకు పట్టినది. నల్లని చిట్టెపు చారలు, సూదిబెజ్జములు ఉన్నచో పట్టలేదు. ఆంపియర్లు కొంచెము పెంచి, చేయి నిదానించి మరల అతుకవలెను. వరుసగా పది అతుకులు నిండుగా విరిగిన పిమ్మట దమ్ము చక్రము వద్దకు పోవచ్చును.